మోరిస్ మైనర్‌లో తోలు సీట్లు

మా మరిది ముకేష్‌కి కార్ల పిచ్చి అంటారు అందరూ. పిచ్చి కాదు, దయ్యం. మా ఊరు టాబియాలో చెరుకు రైతులు సెకండ్ హ్యాండ్ లారీ కోసం నానా తంటాలు పడుతుంటే, వీడు లంబాసాలో మెకానిక్‌గా సంపాదించిందంతా ఓ పాత మోరిస్ మైనర్‌కి తగలేశాడు.

అది రెండు తలుపుల బండి, అన్నిటిలోకీ చవక మోడల్. సీట్లు రెక్సిన్‌వి. వీడికేమో నాలుగు తలుపుల డీలక్స్ మోడల్ సీట్లే కావాలి. అవతలి దీవిలో, బా ఊళ్ళో భగవాన్ అనే టాక్సీవాడి దగ్గర అలాంటి బండి ఉందట. మొదట్లో అది వటుకౌలా బంగారు గనిలో ఎవరో దొరదట. బురద కాళ్ళతో ఎక్కేవాళ్ళకి ఆ సీట్లు దండగ, తుడిస్తే పోయే రెక్సినే నయం అన్నాడట భగవాన్. ఇంకేం, ఇద్దరూ మార్చుకున్నారు. వీడివి పడవలో అటు వెళ్ళాయి, వాడివి ఇటు వచ్చాయి. రెండు మోడళ్ళకీ నేల మీద బోల్టు రంధ్రాలు కలవకపోతే కొత్తవి తొలిచి మరీ బిగించాడు. ఇప్పుడు ముందు సీటు వంగదు. వెనక ఎక్కాలంటే కోతివేషాలు వెయ్యాలి. "ఒరిజినల్ వదినా, ఒరిజినల్!" అని ఒకటే మురిసిపోవడం.

తెల్లదొరలు పోయి మా దీవుల్లో కొత్త జెండా ఎగిరిన మూడో ఏడు అది. ఆ ఏడే మా కామినికి తట్టు పోసింది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే మా ఆయన సన్యాసి మారెమ్మ గుడికి పరుగెత్తి, దీన్ని వదిలెయ్ తల్లీ, నీ నిప్పుల గుండంలో నడుస్తానని మొక్కాడు. పిల్ల లేచి కూర్చుంది. మొక్కు అన్నాక తీర్చాలి. చేతికి పసుపుదారం కట్టించుకుని మిగతా భక్తులతో గుడిలోనే ఉండిపోయాడు. దారం ఉన్నన్నాళ్ళూ చాప మీదే పడక. మాంసం లేదు, మత్తెక్కించే యంగోనా వేరు నీళ్ళ తాగుడు లేదు. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు, ఒంటికి తోలు తగలకూడదు. చెప్పులూ బెల్టూ సరే, గడియారం పట్టీ కూడా తీసెయ్యాలి.

కట్టుబాటు తప్పి గుండంలో దిగితే ఏమవుతుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అప్పలస్వామి మామ ఇప్పటికీ దేకుతూనే గుమ్మం దాటుతాడు. పోనీ దిగకుండా దారం తెంపేస్తే? అమ్మ ఎవరిని వదిలిందో వాళ్ళ దగ్గరికే తిరిగొస్తుంది. వెంకటమ్మ కొడుకు అలాగే పోయాడు.

నడిచే రోజుకి ముందు రాత్రి కుండపోతగా వాన. తెల్లారేసరికి తెరిపిచ్చింది గానీ ఏటి దారి మునిగే ఉంది. ఏట్లో స్నానం చేసి ఊరేగింపుగా నడిచి రావలసిన భక్తుల్ని చుట్టుదారిన చెరుకు లారీలో తీసుకొచ్చారు. మా ఆయన్ని మాత్రం ముకేష్ లారీ ఎక్కనివ్వలేదట. కొత్త సీట్లో మొదట అన్నే కూర్చోవాలని వాడి ఆశ.

నేను పిల్లనెత్తుకుని గుడి దగ్గరే ఉన్నాను. కారు ఆగింది. ఎగ్గట్టిన పంచెలోంచి పసుపు నీళ్ళు కారుతుండగా మా ఆయన దిగి, మమ్మల్ని చూసి నవ్వి, గుండం వైపు వెళ్ళాడు. తొడల వెనక సీటు కుట్టు అచ్చు ఎర్రగా పడి ఉంది.

సీటంతా నీళ్ళే. "ఓరి నాయనా, ముచ్చటపడి తెచ్చుకున్నావు. నాని పాడైపోద్దిరా," అని కొంగుతో తుడవబోయాను.

ముకేష్ నవ్వాడు. "నాని పోవడానికి గుడ్డ నహీ, వదినా! అసలు తోలు ఇది. ఆవు తోలు..."

వాడి చూపు అన్న తొడల మీదున్న ఆ అచ్చు దగ్గర ఆగింది.

"ఓరి నీ కారు తగలెయ్యా! ఏటి చేసినావురా?"

"మర్చిపోయినా వదినా. భయ్యాని ఎక్కించినప్పుడు గుర్తే లేదు." అయినా వాదన మానడే! "మరి డప్పు మీద ఉన్నది తోలు కాదా?"

"అది అమ్మకిచ్చిన మేకరా. ఇది ఎవడెవడి కిందో నలిగిన ఆవు. పోయి మీ అన్నకి చెప్పు."

"నహీ వదినా. చెప్తే భయం పడతాడు. భయం పడినోడికే కాలుద్ది. తెలీకుండా అంటింది అమ్మ పట్టించుకోదు."

నిజమేనేమో అని నా ప్రాణం పీకింది. కానీ అమ్మ ఏది పట్టించుకుంటుందో చెప్పడానికి వీడెవడు? అటు పొడుగాటి కర్రలతో నిప్పులు సమంగా పరుస్తున్నారు. డప్పు జోరు పెరిగింది. గాలి బొత్తిగా లేదు. పక్క పొలంలో చెరుకాకు కదలడం లేదు. చెప్పకుండా ఆ మనిషిని నిప్పుల్లోకి పంపలేను. పిల్లని చంకలో గట్టిగా అదుముకుని పరుగెత్తాను.

పూజారి వీరస్వామి ఒక్కొక్కరి బుగ్గలో ఈ వైపు నుంచి ఆ వైపుకి సన్నటి శూలం గుచ్చుతున్నాడు. గుచ్చాక ఇక మాట ఉండదు. మా ఆయన వరసలో చివర నిలబడ్డాడు.

"మావా, ఆ సీటు ఆవు తోలు. ఆడు మర్చిపోయి ఎక్కించీసినాడు."

ఆయన చెయ్యి తనంతట తనే తొడ వెనక్కి వెళ్ళింది. "పూజారికి చెప్పినావా?"

"లేదు."

"చెప్పకు. దారం తెంపీస్తాడు."

"తెంపనీ మావా! ఇంటికి పోదాం రా," అన్నాను. అన్నానే గానీ, పిల్ల ఊపిరి నా మెడకి వెచ్చగా తగులుతూనే ఉంది.

ఆయన పిల్లని చూశాడు. "తెంపితే అమ్మ దీన్ని అడుగుద్దే. తప్పు నా ఒంటికంటింది. నన్నే అడగనీ." మళ్ళీ అన్నాడు, "ముకేష్‌ని ఏటీ అనకు. చిన్నోడు."

"నోరు తెరువు, సన్యాసీ," అన్నాడు పూజారి. శూలం దిగింది. ఆ తర్వాత నేనెంత బతిమాలినా, ఆయన కళ్ళు మాత్రమే నావైపు తిరిగాయి.

ఒక్కొక్కరే దిగారు. నిప్పుల మీద ఎవరూ నిలవరు. గబగబా దాటి, అవతల పాలు పోసిన గుంటలో కాళ్ళు పెట్టేస్తారు. ఒక్కడికీ ఏమీ కాలేదు. దాటినవాడు దాటినప్పుడల్లా జనం "గోవిందా!" అని కేకలు పెట్టారు.

చివరికి మా ఆయన దిగాడు. ఆయన పరుగెత్తలేదు. చెరుకు చాళ్ళ మధ్య గడ్డి చూసుకుంటూ నడిచేవాడిలా, ఒక్కో పాదం పూర్తిగా ఆనించి నడిచాడు. గుండం నడుమ దాకా వచ్చి ఆగిపోయాడు.

నన్నే అడగనీ అన్న ఆయన మాటకి అర్థం నాకప్పుడు తెలిసింది. పిల్లదాకా ఏమీ మిగలకుండా, తీసుకునేదేదో తన దగ్గరే తీసుకోమని అక్కడ నిలబడ్డాడు. బుగ్గల్లో శూలం వణుకుతోంది. కళ్ళు పిల్ల మీదే ఉన్నాయి. ముకేష్ నేల మీద కూలబడి తల బాదుకుంటున్నాడు.

అమ్మ పూనిందనుకుని జనమంతా చేతులు జోడించి మోకాళ్ళ మీద వాలారు. కదులు మావా, కదులు అని అరుస్తున్నది నేనొక్కదాన్నే.