ఏటిగట్టు మీద అమ్మ

ఊళ్లోని శిల్పాలన్నీ చూద్దామని ఆ సెలవురోజు భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే బయలుదేరారు. రైల్వేస్టేషను ముందున్న ఇనుప గుర్రాన్నీ, గ్రంథాలయం మెట్ల పక్కనున్న రాతి చేపలనూ చూసి ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. ఏటిగట్టున కొత్తగా పెట్టిన కంచు శిల్పం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె టక్కున ఆగిపోయింది.

మంచం మీద బోడితలతో, నోరు తెరుచుకుని పడుకున్న ముసలావిడ. ఆమె తల్లే. జబ్బుతో అమ్మ జుట్టంతా రాలిపోయిన ఆఖరి రోజుల్లో, శిల్పి అయిన తమ్ముడు పక్కన కూర్చుని బొమ్మలు గీస్తుంటే, "ఇవి మన ఇంటి వరకేగా?" అని ఆమె అడిగింది. "ఒట్టు అక్కా," అన్నాడు వాడు. తల దువ్వుకోనిదే గుమ్మం దాటి ఎరగని మనిషి అమ్మ. ఇప్పుడు ఎవరెవరో ఆ నోట్లో వేలు పెట్టి ఫొటోలు దిగుతున్నారు.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. "అమ్మని బజారున పడేశావేంట్రా?"

"అందరూ ఎంత మెచ్చుకుంటున్నారో తెలుసా అక్కా! నీకు చెబితే ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట."

ఫోన్ పెట్టేసి, భుజం మీది శాలువా తీసి ఆ తలకు చుట్టింది.

"మనం వెళ్లగానే తీసేస్తార్లే," అన్నాడు భర్త మెల్లగా.

"అయితే వెళ్లను," అని ఆమె ఆ కంచు మంచం అంచున కూలబడింది.