సోమ, గురువారాలు

పొద్దున్నే మొగుడు టీ కప్పు తెచ్చి చేతికిస్తే ఆమె టీ వంక చూడలేదు, ఆయన మొహం వంక చూసింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషి వంటింటి గడప తొక్కడానికి ఉన్న కారణాలు రెండే. ఒకటి మంచినీళ్ళు, రెండోది ‘ఇంకా అవ్వలేదా’ అని అడగడం. అలాంటి మనిషి రెండు నెలలుగా టీ కాస్తున్నాడు, తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నిన్న ఇంకో అడుగు ముందుకేసి “నీకెంత పనో, పాపం” అన్నాడు. ఆ ‘పాపం’ దగ్గరే ఆమెకి అనుమానం గట్టిపడింది. ఈయనకి తనతో ఏదో పని పడింది. అదేమిటో ఇంకా బయటికి రావడంలేదు.

రెండు నెలల కిందటే ఆమె తను పాఠాలు చెప్పే హైస్కూల్లో అకడమిక్ డీన్ అయింది. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఏ పిల్ల ఎక్కడ వెనకబడిందో, ఎందుకు వెనకబడిందో కనిపెట్టి, టీచర్లతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడి మళ్ళీ దారిన పెట్టడం ఆ పని. అంతకుముందు రెండుసార్లు ఆ పదవి ఆమెకన్నా వెనక చేరిన మగవాళ్ళకి వెళ్ళింది. మూడోసారి ప్రిన్సిపాల్ పిలిచి, “ఏడ్చే తల్లులూ అరిచే తండ్రులూ వస్తారు మేడమ్. ఆడవాళ్ళకైతే ఓపిక ఎక్కువ, సర్దుకుపోతారు” అన్నాడు. దీన్ని మెచ్చుకోలు అనుకోవాలో, వాళ్ళిద్దరూ వదిలించుకున్న చాకిరీ అనుకోవాలో ఆమెకి తేలలేదు. గది కూడా అలాంటిదే ఇచ్చారు. సగం ఆమెకి, సగం జిరాక్స్ మిషన్‌కి. ఏ తల్లో కూతురి గురించి చెబుతూ కళ్ళు తుడుచుకునే సమయానికి ఎవరో ఒకరు తలుపు తోసుకొచ్చి ప్రశ్నపత్రాల కాపీలు తీసుకుని పోతుంటారు.

అనుమానించాల్సింది ఇంట్లో ఇంకొకటి కూడా ఉంది. ఆమె డీన్ అయిన వారానికే, కూతురింటికి వెళ్ళిన అత్తగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆవిణ్ణి కొడుకింటికి తీసుకొస్తారనీ, కొడుకిల్లంటే కోడలి రెండు చేతులేననీ ఆమెకి తెలుసు. మంచం ఏ గదిలో వెయ్యాలో కూడా కొలుచుకుంది. తీరా చూస్తే ఆయనే, “నీకు కొత్త బాధ్యత కదా, అమ్మ అక్క దగ్గరే ఉంటుందిలే” అన్నాడు. ఎందుకింత మంచితనం అని అడగాలనిపించింది, కానీ అడగలేదు. తనకి కలిసొచ్చిన సంగతిని పనిగట్టుకుని తవ్వుకునేదెవరు?

ఆదివారం ఆడపడుచు వచ్చింది. బట్టల దుకాణంలో రోజంతా నిలబడే ఉద్యోగం ఆవిడది. చెప్పులు విప్పుతుంటే పాదాలు వాచి కనిపించాయి. భర్త ఊళ్ళు తిరిగే సర్వేయరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. చేతిలో యాపిల్ పళ్ళ సంచీ ఉంది. ఆ పళ్ళు చూడగానే ఆమె మనసులోనే నడుం బిగించుకుంది. ఆడపడుచు కూతురు ఈ స్కూల్లోనే పదో తరగతి. క్వార్టర్లీ ఫలితాలు వచ్చాయి, వెనకబడ్డ పిల్లల జాబితా ఈ వారమే తయారు చెయ్యాలి. టీ ఎందుకో ఇస్త్రీ ఎందుకో తెలిసిపోయింది అనుకుంది.

“మా పిల్ల చదువు ఎలా ఉంది?” అంది ఆడపడుచు, పళ్ళు కడుగుతూ.

“వదినా, ముందే చెబుతున్నా. మనింటి పిల్ల అని అర మార్కు కూడా కలపలేను.”

ఆడపడుచు తమ్ముడి వంక చూసింది. ఆయన పేపర్లో తల దూర్చాడు.

“కలపమనట్లేదమ్మా,” అంది ఆడపడుచు మెల్లగా. “దానికి చదువు తలకెక్కట్లేదని ఒక్క మాట రాసిపెట్టు. ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా పరీక్ష కడుతుంది. నువ్వు రాస్తే ఎవరూ కాదనరట కదా.”

మార్కులు వెయ్యమని అడిగేవాళ్ళకి చెప్పడానికి ఇరవై జవాబులున్నాయి. కన్న కూతుర్ని మొద్దని రాసిమ్మనే తల్లికి ఒక్కటీ లేదు. “చూద్దాం” అని ఊరుకుంది. మొగుడి చేతిలో పేపరు కదిలింది. ఆయన కాస్త ఊపిరి పీల్చుకున్నట్టుగా ఆమెకి తోచింది.

సోమవారం స్కూలుకి వెళ్ళగానే ఆ పిల్ల ఫైలు తీయించింది. పోయినేడు లెక్కల్లో క్లాసుకి రెండో స్థానం. ఈ ఏడు క్వార్టర్లీలో బొటాబొటీ పాసు. హాజరు పట్టీ తిప్పింది. సోమవారం లేదు, గురువారం లేదు. మళ్ళీ సోమవారం, మళ్ళీ గురువారం. రెండు నెలలుగా ఇంతే. ప్రతి గైర్హాజరుకీ ఒక సెలవు చీటీ పిన్ను చేసి ఉంది. కడుపునొప్పి, జ్వరం, కడుపునొప్పి, తలనొప్పి. ఆ గుండ్రటి చేతిరాత ఆమెకి కొత్తది కాదు. కింద ‘సంరక్షకుడు, మేనమామ’ అని రాసి సంతకం. తన మొగుడి సంతకం.

క్లాస్ టీచరుని పిలిస్తే అతను నొచ్చుకున్నాడు. “నాకూ వింతగానే అనిపించింది మేడమ్. కానీ మీ ఇంటి పిల్ల, సంతకం చూస్తే సార్‌ది. మీకు తెలుసనుకున్నాను.”

మంగళవారం పిల్ల వచ్చింది. మనిషి సగమయింది. జిరాక్స్ మిషన్ దగ్గర ఎవరూ లేకుండా చూసి, ఆమె తలుపు గడియ పెట్టింది.

“కడుపునొప్పి ఎలా ఉందే?”

పిల్ల తల దించుకుంది. “నొప్పేం లేదత్తా. అమ్మమ్మని చూసుకునే ఆయా సోమ, గురువారాలు రాదు. అమ్మకి సెలవివ్వరు. ఆవిణ్ణి లేపాలి కదా, స్నానం చేయించాలి. వచ్చే నెలనుంచి ఆయా అసలే మానేస్తుందట.”

“నాకెందుకు చెప్పలేదు?”

“అత్త డీన్ అయింది, మనందరం కాస్త సర్దుకోవాలి అన్నాడు మావయ్య.” మళ్ళీ తనే అంది, “నీకు తెలుసనే అనుకున్నానత్తా. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదుగా.”

ఆమెకి సిగ్గేసింది. మొగుణ్ణి అనుమానించింది, ప్రిన్సిపాల్‌ని అనుమానించింది, పళ్ళ సంచీని కూడా వదల్లేదు. మంచంలో ఉన్న మనిషి రెండు నెలలుగా ఎవరి చేతుల మీద లేచి కూర్చుంటోందని మాత్రం అడగలేదు. అడిగితే ఆ చేతులు తనవే కావాల్సి వస్తుందని లోపల ఎక్కడో తెలుసు. తన కుర్చీ పదిహేనేళ్ళ పిల్ల నడుం మీద నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ మెచ్చుకున్న ఓపిక కూడా బహుశా ఇదే, అడగకుండా సర్దుకుపోవడం.

సాయంత్రం ఆయన దగ్గర ఆ సంగతెత్తింది. తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకుంది. ఆయన చాలా తాపీగా ఉన్నాడు.

“ఇదంతా నీకోసమే చేశాను. పన్నెండేళ్ళు ఆ పోస్టు కోసం ఏడ్చావు. అమ్మని ఇక్కడికి తెస్తే చెయ్యగలవా? శుక్రవారం జాబితా కదా, ఆ ఒక్క మాట రాసెయ్. పిల్లకేం, తెలివైంది, ఎప్పుడైనా చదువుకుంటుంది. రాయనంటావా, అమ్మని ఆదివారమే తీసుకొస్తా. నీ డీన్ ఉద్యోగం ఏమవుతుందో నువ్వే ఆలోచించుకో.”

పిల్లా తనా, ఇద్దరిలో ఒకరు. లెక్క అంతే అన్నట్టు మాట్లాడాడు. ఆ లెక్కలో ఆయన లేడు, ఆ పిల్ల తండ్రీ లేడు. ఎవరూ తీసెయ్యకుండానే ఆ ఇద్దరూ అందులోంచి తప్పుకున్నారు. ఆమెకి ఒళ్ళు మండింది. అయినా అరవలేదు. అరిస్తే రేపు ఆడపడుచుకి ఫోన్ చేసి, “చూశావా, పదవి నెత్తికెక్కింది” అంటాడు.

బుధవారం ఆ పిల్ల ఫైల్లో రాసింది. ‘విద్యార్థిని సామర్థ్యంలో లోపం లేదు. పెద్దవాళ్ళు చెయ్యాల్సిన పని ఈమె చేత చేయిస్తున్నందువల్ల వారానికి రెండు రోజుల చదువు పోతోంది. బడి మాన్పించరాదు.’ సంతకం పెట్టి, తేదీ వేసి, ప్రిన్సిపాల్‌కి ఒక కాపీ పంపింది. తర్వాత సంరక్షకుడి పేరున, శుక్రవారం వచ్చి కలవమని నోటీసు టైపు చేయించింది.

శుక్రవారం పదకొండింటికి ఆయన వచ్చాడు. ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. జిరాక్స్ మిషన్ని చూశాడు, చిన్న బల్లని చూశాడు, గొంతు తగ్గించి, “ఇంట్లో మాట్లాడుకునేదానికి ఈ నోటీసేంటి? నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాడు.

“కూర్చోండి.” ప్రతి తండ్రికీ చెప్పినట్టే చెప్పింది. ఫైలు ఆయన వైపు తిప్పింది. తను రాసింది ఆయన చివరిదాకా చదివేవరకూ ఆగింది.

“అయితే అమ్మని తీసుకొచ్చేస్తా,” అన్నాడు, గెలిచినట్టు.

“తీసుకురండి. కిటికీ ఉన్న గదిలో మంచం వేద్దాం. ఆయాని మీరు వెతకండి. పొద్దున్నా సాయంత్రం నేనుంటాను, ఆదివారం నేను చూసుకుంటాను. మీ బావగారు ఊళ్ళో ఉన్న నాలుగు రోజులూ ఆయన వస్తారు, వదినతో మాట్లాడాను. ఆయా రాని రోజులు మీవి.”

“నావా? పనిరోజుల్లో నాకు ఆఫీసుండదూ?”

“ఆ పిల్లకి బడి లేదా?”

ఆయన బయటికి చూశాడు. వరండాలో ఇంకో పిల్ల తండ్రి చేతిలో నోటీసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె సెలవు చీటీల కట్ట తీసి ఆయన ముందు పెట్టింది. పద్నాలుగున్నాయి.

“సెలవు చీటీ రాయడం మీకు బాగానే వచ్చు. ఈసారి మీ పేరుమీద రాసుకోండి. కడుపునొప్పి అని మాత్రం రాయకండి, మా అమ్మకి నేను స్నానం చేయించాలి అని రాయండి.”