వచ్చినోళ్లకిచ్చే నీళ్లు

సింధుశ్రీకి కోపం బస్సులోనే మొదలైంది. దానిమ్మ మొక్కలు ఎండిపోతా ఉండాయి. తప్పంతా వాళ్లమ్మ హనుమక్కదేనని, ఆమెకి జెల్ గుళికలమ్మిన కంపెనీ మనిషి అమరనాథ్ పావగడ పక్కన ఉండే ఆ రాయచెర్ల ఊరంతా చెప్పుకొచ్చినాడంట. అమ్మ ఫోన్లో ఏడవలేదు. "నాకు చేతకాలేదేమోలే పాపా. చేను సోలారోళ్లకిచ్చేస్తా" అనింది. చుట్టూ అందరి చేన్లలో సోలారు పలకలు లేచినా ఇన్నేండ్లు ఇయ్యనని మొండికేసిన మనిషి.

బెంగళూరులో పాలిమర్ల మీదే ఎమ్మెస్సీ చదివే కూతురుంది కదా, కొనేముందు ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా. ఆ కోపం వేరే.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద అమరనాథే ఉన్నాడు, ఊరోళ్లని కూడేసుకోని. అమ్మేటప్పుడు చూపించిన ఆటే మళ్లీ. గ్లాసులో చిటికెడు గుళికలేసి, హనుమక్క తెచ్చిన నీళ్లు పోసినాడు. చక్కెర పలుకులంత ఉండేవి ఉబ్బి గ్లాసంతా నిండినాయి. వేర్ల కింద ఇట్లే నీళ్లు దాచిపెట్టుకుంటాయని, మన్ను ఆరితే మెల్లగా వదుల్తాయని, అక్కే సరిగ్గా నీళ్లు పెట్టలేదని చెప్పుకుంటా పోయినాడు. హనుమక్క తల వంచుకోని నిలబడింది.

సింధుశ్రీ చూపు ఆ నీళ్లు తెచ్చిన చెంబు మీద ఆగింది.

"పోయినసారి కూడా క్యాను నీళ్లే ఇచ్చినావా మా?"

"ఇంటికొచ్చిన మనిషికి బోరు నీళ్లిస్తామా ఎవరన్నా?"

నిజమే. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన ఊరు. వచ్చినోళ్లకి క్యాన్లో కొనుక్కొచ్చిన ఫిల్టర్ నీళ్లియ్యడమే ఈడ మర్యాద. మొక్కలకి మాత్రం బోరే.

సింధుశ్రీ ఉబ్బిన జెల్ని గిన్నెలోకి వంచి, బిందెలకి తెల్లగా సున్నం పట్టించే ఆ బోరు నీళ్లు ఇంకో చెంబుతో తెచ్చి నిండా పోసింది. అందరూ టీలు తాగేసరికి జెల్ ముడుచుకోని గిన్నె అడుక్కి దిగింది.

"దాని లోపల గొలుసులు ఒకదాన్నొకటి నెట్టుకుంటేనే నీళ్లకి చోటు దొరుకుతాది సార్. మా నీళ్లలో ఉండే కాల్షియం లోపలికి పోయి వాటిని కట్టిపడేస్తాది. ఇంక వేర్లకి అది దాచిపెట్టేదేముంది? పావగడలో అమ్మేముందు పావగడ నీళ్లు పోసి చూడల్లని ఒక్కరికీ తోచలేదా? మా అమ్మకి చేతకాలేదని మాత్రం తోచిందా?"

కంపెనీ నేర్పించిందే చెప్పినానని అమరనాథ్ నసిగినాడు. మొహం తుడుచుకోని, కొంచెం నీళ్లిమ్మని అడిగినాడు.

హనుమక్క క్యాను దిక్కు పోలేదు. బోరు నీళ్ల చెంబులోవే గ్లాసులో వంచి ఆయన ముందర పెట్టింది.

"తాగప్పా. నా మొక్కలు తాగిండేది ఈ నీళ్లే."

ఆయన గ్లాసు ముట్టలేదు. ఆమె పార భుజానేసుకునింది.

"రా పాపా, ముందు ఆ జెల్ తవ్వి పారేద్దాం. చేను ఎవరికీ ఇయ్యను."