కూర బంద్ పెట్టిన పిల్ల

"ఆంటీ, సింధు అసలు కూరే ముట్టుకోవట్లేదండీ. ఎంత చెప్పినా వినదు" అని నా బిడ్డ రూమ్మేట్ కరుణ ఫోన్ చేసిన కాడి నుంచి నాకు కాలు నిలువలేదు. మా ఇండ్లల్ల కూర అంటే మాంసమే. ఆదివారం యాటకూర లేకుంటే అలిగి పండుకునే పిల్ల ఉన్నట్టుండి ఎందుకు మానేస్తది? మాంసం తినని పిలగాడెవడో దొరికిండు, వాని కోసమే. అసలే సింధూజకు రక్తం తక్కువున్నదని డాక్టర్ చెప్పిండు. రేపు క్లాసుల కండ్లు తిరిగి పడితే?

పొద్దున్నే బస్సెక్కి, ఉప్పల్‌ల మెట్రో మారి తార్నాకల దిగిన. పిలగాని సంగతి మెల్లగ గుంజుదామని, ముందుగాల సింధూజను దాని క్యాంపస్‌ల నడుస్తున్న పుస్తకాల ఎగ్జిబిషన్‌కు తోలుకపొమ్మన్న. మాంసం లేకున్నా రక్తం పట్టే వంటల పుస్తకం కొనియ్యాలె.

"వంటల పుస్తకం నీకెందుకమ్మా?"

"నాకు కాదు, నీకు."

దాని మొఖం చిన్నగైంది. నా అనుమానం గట్టిపడ్డది.

మొదటి పుస్తకం అట్ట మెరుస్తున్నది. తెరిస్తే ఆలివ్ నూనె, బ్రోకలీ, 'ఓవెన్‌ను ముందుగా వేడి చేసుకోవాలి'. రూముల ఉన్నది ఒక్క కరెంటు పొయ్యి. రెండోదాంట్ల ఏది చూసినా 'తగినంత'. ఎవలకు తగినంత? "ఇది రాసినామె ఎన్నడన్న వండిందా?" అనడిగితే అమ్మేటాయన నవ్విండు.

అంతల "హాయ్ సింధూ" అనుకుంట ఒక పొడుగు పిలగాడు వచ్చిండు. ప్రణీత్ అట, క్లాస్‌మేట్ అట. చేతుల రెండు చాయ్ కప్పులున్నయి. రెండోది ఎవలకు?

"బాబూ, మీ ఇంట్ల కూర తింటరా?"

"తినకేంది ఆంటీ! మాది సిద్దిపేట. ఒకసారి రండి, నాటుకోడి వండిపిస్త."

వీడు కాదు. మరెవడు?

ఆ పిలగాడు పోంగనే బిడ్డ చెయ్యి పట్టుకున్న. "నిజం చెప్పు. ఎవని కోసం బంద్ పెట్టినవే కూర?"

"ఏ కూర? మొన్ననే చికెన్ బిర్యానీ తిన్న!"

"మరి నువ్వు కూరే ముట్టుకుంటలేవని ఫోన్ చేసిన కరుణ అబద్ధమాడిందా?"

సింధూజ నెత్తి కొట్టుకున్నది. "అయ్యో, కరుణది గుంటూరమ్మా! వాళ్ళకు బెండకాయ సుత కూరనే."

పిలగాడు లేడని మనసు నిమ్మళమైంది. ఎంతసేపు? "అంటే, బెండకాయ సుత తింటలేవా? మరి ఏం తింటున్నవే?"

పక్కకు చూసింది. "అన్నం, మామిడికాయ తొక్కు."

"రోజూనా?"

"నాకు వండరాదు కదమ్మా. కరుణ వండింది రోజూ తినాలంటే నామోషి. పొయ్యి దగ్గరికి పోతే కాలుతదని నువ్వే అరుస్తుంటివి."

మళ్ళ పుస్తకాల మీదికి వంగిన. అడుగున ఒకటి సన్నగున్నది, బొమ్మల్లేవు. 'కందిపప్పు అర గ్లాసు, పాలకూర రెండు కట్టలు, నీళ్ళు గ్లాసున్నర, కుక్కర్ మూడు విజిళ్ళు.' అన్నీ తార్నాక మార్కెట్ల దొరికేవే. "గిదే కట్టియ్యి" అన్న.

సాయంత్రం రూముల అదే వండింది. కుక్కర్ కూసినప్పుడల్ల దాని చున్నీ పట్టి వెనక్కు గుంజిన. "అమ్మా, జరుగు!" అని కసురుకున్నది. పప్పు జర అడుగంటింది. అయినా తిన్నది. పాలకూర పక్కకు తీసి పెడుతున్నదేమోనని దాని కంచం దిక్కే చూసుకుంట కూసున్న.