ఖాళీ ట్యూబు

“చెయ్యి కడుక్కున్నావా?”

కంచం పెట్టిన ప్రతిసారీ భర్త అడిగే మాట అది. కడుక్కుంది. మోచేతుల దాకా తడి ఇంకా ఆరలేదు. అయినా అడుగుతాడు. వంటింట్లో అడిగిన నోటితోనే ప్రయోగశాలలోనూ అడుగుతాడు. ఇంట్లో మొగుడు, అక్కడ పెద్దసారు. ఆమెకి రెండు చోట్లా చాకిరీ ఒకటే. ఒకసారి జీతం మాటెత్తితే, “ఇంటి మనిషికి జీతమేంటే, వింటే నవ్విపోతారు” అన్నాడు. నవ్వింది ఆయనొక్కడే.

అక్కడ మొక్కల చుట్టరికాలు తేలుస్తారు. ఒకే ఇంటిపేరున్న మొక్కల్లో ఎవరికి ఎవరు దగ్గర, ఏ కొమ్మ ముందు చీలింది అని. వెనకట ఆకూ పువ్వూ చూసి చెప్పేవారు. ఇప్పుడు ఆకు నూరి, డీఎన్ఏ తీసి, దాని అక్షరాల వరస చదివి చెబుతున్నారు. పెద్దసారుకి పేరొచ్చింది పాత పద్ధతిలోనే. కొండచరియ మీద తెల్లపూల మొక్కొకటి పట్టుకొచ్చి, ఇది ఎర్రపూల వాళ్ళింటి ఆడపడుచే అని తేల్చి, దానికి తన తండ్రి పేరు పెట్టుకున్నాడు. ఆయన కుర్చీ ఆ మొక్క మీదే నిలబడి ఉంది. డీఎన్ఏ కూడా అదే మాట చెబుతోందని ఇప్పుడు పెద్ద సభలో చూపించాలి. ఆ పని ఆమె చేతికొచ్చింది.

చేసింది. కంప్యూటరు కొమ్మలు గీసింది. ఎర్రపూలన్నీ ఒక గుత్తిగా ఒదిగాయి. తెల్లది మాత్రం గడప దాటిపోయి, ఎక్కడో వేరే ఇంటివాళ్ళ పక్కన కూర్చుంది.

“చెయ్యి కడుక్కోలేదు నువ్వు,” అన్నాడు పెద్దసారు, తెర వంక సరిగా చూడకుండానే. “దేన్లోదో దీన్లో కలిపేశావు. ఆ తెల్లదాన్ని తీసేసి మళ్ళీ గియ్యి.”

మొదట్నుంచీ మళ్ళీ చేసింది. కొత్త ఆకు, కొత్త గ్లవుజులు. వరస చివర ఎప్పటిలాగే ఖాళీ ట్యూబు పెట్టింది. అందులో ఆకు వెయ్యరు. మిగతావాటికి పోసినవన్నీ దానికీ పోస్తారు, వాటితో పాటే తిప్పుతారు, వేడి చేస్తారు. చెయ్యి మురికిదైతే అదే పట్టిస్తుంది. ఏమీ ఉండకూడని చోట ఏదో తేలుతుంది. ఏమీ తేలలేదు. తెల్లది మళ్ళీ వెళ్ళి దూరంగానే కూర్చుంది.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు మెత్తబడింది. ఆమెకి భయం వేసింది అందుకే. అత్తగారు గిన్నెలు ముట్టుకోనివ్వలేదు.

“కూర్చోమ్మా, ఒంట్లో బాగాలేదుగా నీకు.”

“బాగానే ఉంది అత్తయ్యా.”

“ముందరిదీ ఇలాగే అనేది.”

ముందరిదంటే పెద్దసారు మొదటి భార్య. ఆ ఇంట్లో ఆమెకి వేరే పేరు లేదు. మతి చెడింది, పంపించేశారు. ఆమె కథ అంతే.

“అదీ ఆ తెల్ల మొక్కనే పట్టుకుని వేళ్ళాడింది,” అంది అత్తగారు, గిన్నె బోర్లిస్తూ. “డాక్టరు నిద్రకి మాత్రలిచ్చాడు. మింగితేగా! ఇప్పుడు బస్టాండు వెనకాల మొక్కలమ్ముకుంటోంది. ఆ డాక్టరు మంచివాడమ్మా. రేపు సాయంత్రం నిన్నూ తీసుకురమ్మన్నాడు.”

ఆమె కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నిజంగానే తన చెయ్యి మంచిది కాదేమో. పదిసార్లు అన్న మాట పుల్లలా లోపల విరిగి ఉండిపోతుంది, తియ్యబోతే ఇంకా లోపలికి పోతుంది. మతి తప్పిన మనిషికీ, మొగుడికి గిట్టని నిజం చెప్పిన మనిషికీ తేడా ఈ ఇంట్లో చూసేదెవరు? వేళ్ళు ముడతలు పడ్డాయి. ముందరామె కూడా ఈ కుళాయి కిందే ఇలా కడుక్కుని ఉంటుంది అనుకోగానే కుళాయి కట్టేసింది.

మర్నాడు ఫ్రీజరులో మంచు గీకింది. అదీ ఆమె పనే. అడుగున మంచులో కూరుకుపోయి ఒక డబ్బా కనబడింది. లోపల ట్యూబులు. వాటిమీద గుండ్రటి అక్షరాలు, ఆయనవి కావు, తనవి కావు. తెల్లపూలు, ఎర్రపూలు. వరస చివర, ఖాళీ.

వాటిలోని డీఎన్ఏ వరస కూడా చదివించి, కొమ్మలు గీయించి చూసింది. తెల్లది దూరంగానే కూర్చుంది. ఖాళీది ఖాళీగానే ఉంది.

పెద్దసారు గుమ్మంలోంచి తొంగిచూశాడు. “సాయంత్రం డాక్టరు, గుర్తుందిగా? ఈలోపు ఆ తెల్లదాన్ని తీసేశావనుకో, వెళ్ళక్కర్లేదులే. ఇంక నీకు జబ్బేముంది?”

ఆమె తలూపింది. ఆయన వెళ్ళాక తెల్లదాన్ని తియ్యలేదు. రెండు చేతులు చేసిన రెండు వరసలూ పక్కపక్కన పెట్టింది. సభవాళ్ళకి పంపబోతూ, పనిచేసినవాళ్ళ పేర్ల దగ్గర ఆగిపోయింది. తన పేరు రాసింది. పంపకుండానే లేచి బ్యాగు తీసుకుంది.

బస్టాండు వెనకాల నెరిసిన జుట్టున్న ఆవిడొకరు కుండీలో మట్టి నొక్కుతోంది. ఈమె మెళ్ళో వేలాడుతున్న ప్రయోగశాల కార్డు చూడగానే, ఆవిడ మట్టి చేతులు రెండూ గబుక్కున వెనక్కి దాచుకుంది.

“మీ డబ్బా దొరికింది,” అంది ఆమె. “తెల్లపూలది.”

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. “ఖాళీ ట్యూబులో... ఏమన్నా తేలిందా?”

“ఏమీ తేలలేదక్కా. నీ చెయ్యి శుభ్రంగానే ఉంది.”

దాచుకున్న చేతులు మెల్లగా ముందుకొచ్చాయి. ఆమె వాటిని మట్టితో సహా పట్టుకుంది.

“నీ పేరేంటో చెప్పు. నా పేరుకి పైన రాయాలి.”