బంక లేని సున్నం

తెల్లారేసరికి నల్లమబ్బు ఊరి మీదికి దిగి, కురవకుండా అట్లాగే నిలబడిపోయింది. ఆ మబ్బు కిందే ఖానాపూర్ దిక్కు నుంచి పోలీసు జీపు వచ్చి చావడి ముందు ఆగింది. వెనుక సీట్లో బొమ్మలు గీసే అంబదాస్, చేతులకు బేడీలు.

చావడి గోడ నిండా ఊరి కథ ఉంది. ఊరు దొరకు వెట్టి బంద్ పెట్టిన ఏడు జరిగిందంతా అంబదాస్ ఎర్రమట్టి జాజుతో, మసితో గీశాడు. దొర పొలంలో విడిచిపెట్టి వచ్చిన నాగళ్లు, అతని కోటలాంటి గడి వాకిట్లో ఆడవాళ్లు పగలగొట్టిన నీళ్లకుండలు. అందరికంటే ముందు పర్శరాములు, భుజాన గొంగడి. ఆ ఏడే గడి మనుషులు అతణ్ని చంపారు. అతని భార్య భూమవ్వ దగ్గర మొగుడి ఫొటో లేదు. పనికి పోతూ ఆ గోడ దిక్కు ఒకసారి చూసేది. అంతే.

అప్పుడు పట్నం పారిపోయిన దొర ఇప్పుడు పోలీసుల అండతో గడికి తిరిగొచ్చాడు. గోడ అతని కంట్లో నలుసైంది.

"గీ గోడ తెల్లగ కావాలె. మీ చేతుల్తోనే సున్నం కొట్టాలె. అప్పుడే వీణ్ని ఇడుస్త," అన్నాడు ఎస్సై.

జనం గుంపయ్యారు.

"కొట్టేది లేదు. మన కథ మనమే మాపుకుంటమా?" అన్నాడు కూలిసంఘం రాజలింగు.

"నీకేంరా, నోరే గద ఆడేది. తన్నులు తినేది అంబదాసు," యాదవ్వ కసిరింది. "గోడకు పెయ్యి నొయ్యదు, మనిషికి నొస్తది."

అందరూ భూమవ్వ దిక్కు చూశారు. ఆమె గోడ దిక్కు ఒకసారి చూసింది.

"కొడుదాం. బతికున్నోడు ముందు," అంది. పక్కకు పోయి యాదవ్వతో మెల్లగా చెప్పింది. "తుమ్మబంక కలుపకు. పల్సగ కలుపు. ఒక్క వానకు కారిపోతది."

బంక లేని సున్నం గోడను పట్టదని ఇల్లు అలికి సున్నం వేసే ప్రతి ఆడదానికీ తెలుసు. పల్చటి సున్నం ఆరిందాకా తెలుపెక్కదనీ తెలుసు. ఆ తొందరలో రెండోది ఎవరికీ తట్టలేదు. కుంచె ఆడేకొద్దీ తడిసిన జాజు నిన్న గీసినట్టు ఎర్రగా తేలింది. పర్శరాములు ఇప్పుడే నడిచి వస్తున్నట్టున్నాడు.

ఎస్సై మొహం గంటు పెట్టుకున్నాడు. "నాతోని పరాచికాలాడుతున్రా?"

"జర ఆగు సారూ. ఆరినంక కనవడదు. నీ కాల్మొక్త, కనవడదు," మొగుడి బొమ్మ మాసిపోతుందని నమ్మమని భూమవ్వ బతిమాలింది.

అతను వినలేదు. గడ్డపార తెప్పించి జనం ముందు పడేశాడు. "తవ్వుండ్రి."

ఎవరూ వంగలేదు.

"మాకు కట్టుడే వచ్చు సారూ," అంది యాదవ్వ. "కూలగొట్టుడు మీ పనేనాయె."

చివరికి కానిస్టేబుళ్లే తవ్వారు. మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. మొగుడి మొహం ఏ పెళ్లలో పోయిందో భూమవ్వకు తెలియలేదు. జీపు అంబదాస్‌ను తీసుకునే వెళ్లిపోయింది.

"నేనే చెడగొట్టిన," అందామె. "బంక కలిపి చిక్కగ కొడితె..."

"కలిపినా వాడు ఇడిచేటోడు కాదవ్వా," అన్నాడు రాజలింగు.

ఆ రోజు దొర పొలంలో వరి నాట్లు. నారు కట్టలు గట్టు మీద వాడిపోతున్నాయి. నాటుకు రమ్మని గడి నుంచి కబురొచ్చింది, మళ్లీ వచ్చింది. ఒక్కరూ కదలలేదు. ఇంట్లో ఉన్న జొన్న గటుక, పచ్చిపులుసు ఎవరికి వారు తెచ్చి తవ్విన గోడ ముందు వరుసగా కూర్చున్నారు. గడి కిటికీలోంచి దొర చూస్తున్నాడు. యాదవ్వ ముద్ద కలిపి భూమవ్వ చేతిలో పెట్టింది. ఆమె తిన్నాక అందరూ తిన్నారు.