తడి గోనె

దొర కారు ఇంజనులో పొగ పోయే ఇనుప గొట్టం సరిగ్గా కార్బురేటర్ కిందినుంచే పోతుంది. చలి దేశాల్లో పెట్రోలుకు ఆ సెగ కావాలట. కోస్గి ఎండల్లో అదే సెగకు పెట్రోలు ఇంజనుకు అందకముందే మసిలి ఆవిరైపోతుంది. అందుకే వేసవిలో దొర పొద్దు పొడవకముందే బయలుదేరేవాడు.

నాగులమ్మ నొప్పులు పొద్దు చూసి రాలేదు. బిడ్డ అడ్డం తిరిగింది, పాలమూరు దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. దొర పట్నంలో ఉన్నాడు. నాగులమ్మ గడీ వాకిళ్లు ఊడ్చే మనిషి. దొరసానికి జాలి పుట్టి, దొర రాకముందే కారు మళ్లీ కొట్టంలో ఉండాలని చెప్పి పంపింది.

డ్రైవర్ దశరథం కూడా నాగులమ్మ మొగుడు కురుమయ్య వాళ్ల వాడవాడే, ఊరి బయటి వాడ. క్రైస్తవ మిషను వాళ్ల లారీ మీద పని నేర్చుకున్నాడు. గాసునూనె డబ్బా రేకు కత్తిరించి గొట్టానికీ కార్బురేటర్‌కూ నడుమ అడ్డం పెట్టాడు. ఎండాకాలం నీళ్ల కుండకు చుట్టినట్టే కార్బురేటర్ చుట్టూ తడి గోనె చుట్టాడు. వెనక సీట్లో నాగులమ్మ తల అత్త బిక్షమ్మ ఒడిలో ఉంది. ముందు కురుమయ్య, అతని కాళ్ల నడుమ నీళ్ల కుండ.

గోనె తడిగా ఉన్నంతసేపు కారు పోయింది. ఆరగానే రెండు దగ్గులు దగ్గి ఆగింది. నీళ్లు పోసి, చల్లబడేదాకా కూర్చొని, మళ్లీ హ్యాండిల్ తిప్పారు.

"ఎడ్లబండి గట్టుకున్నా ఈపాటికి సగం దూరం వొయ్యేటోళ్లం" అంది బిక్షమ్మ. "నీళ్లు వెడితె ఎడ్లకన్న దూప తీరుతది. దీనికి తీరుతలేదు."

మళ్లీ ఆగింది ఒక ఊరి పొలిమేరలో, చేదబావి ఎదుట. కుండలో అడుగున ఒక చెంబెడు మిగిలింది. గిలక మీద తాడుంది, గట్టు మీద బొక్కెన ఉంది. ఆ ఎండలో మనిషి జాడ లేదు. కురుమయ్య కుండ దించి కారు దగ్గరే పెట్టి బావి దాకా పోయాడు. గట్టుకు ఎడంగా నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి తోడిపోస్తానంటే కుండ తెచ్చి పట్టుకోవాలి. దశరథం ఇంకో దిక్కు నిలబడి ఊరివైపు కేకలేశాడు. ఎవరూ రాలేదు.

"తోడుకరారాదు బిడ్డా. ఎవ్వలు సూస్తుండ్రు?" అంది బిక్షమ్మ కారులోంచి.

"బాయి సూస్తది" అన్నాడు కురుమయ్య.

అతను వెనక్కి వచ్చేసరికి నాగులమ్మ కళ్లు తెరిచి కుండవైపు చూస్తోంది. "జర్రన్ని నీళ్లు" అంది.

కురుమయ్య దశరథం మొహం చూశాడు. ఈ చెంబెడు గోనె మీద పోస్తే కారు కదులుతుందా అని అడిగాడు. కదలొచ్చు, కదలకపోవచ్చు అన్నాడు దశరథం.

"దవాఖానల తాగుదువు" అని భార్యతో చెప్పి, కురుమయ్య కుండ వంచాడు. గోనె సుయ్యిమంది. బిక్షమ్మ కొంగు అంచును కుండలో తిప్పి, ఆ తడిని కోడలి పెదవులకు అద్దింది. కాసేపటికి కారు కదిలింది.

పాలమూరు గుట్టలు కనబడేసరికి నాగులమ్మ నీళ్లు అడగడం మానేసింది. దవాఖాన వాకిట్లో నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టి చూసింది, కడుపు మీద చెవి పెట్టి విన్నది. నాగులమ్మ కొంగును ఆమె మొహం మీదికి కప్పి లోపలికి పోయింది.

ఆవరణలో నల్లా ఉంది. ఎవరు పడితే వాళ్లు తిప్పుకుంటున్నారు. కురుమయ్య కుండ తీసుకుపోయి నింపాడు. ఎవరూ ఏమీ అనలేదు. నిండిన కుండను భుజాన పెట్టుకొని ఎక్కడికి మోయాలో తెలియక నిలబడిపోయాడు.

దశరథం తల వంచుకొని దగ్గరికి వచ్చాడు. "కురుమన్నా, పీనుగను దొర కార్ల వెట్టనియ్యరు. నన్ను గూడ బతకనియ్యరు. నువ్వు ఎడ్లబండి సూసుకోవాలె."

కురుమయ్య సరేనన్నట్టు తలూపాడు. అత్తాకోడళ్లను వేపచెట్టు కిందికి చేర్చాక, కుండను తీసుకుపోయి ముందు సీటు కింద ఒరగకుండా పెట్టాడు. దారిలో ఆగితే గోనె తడుపుకోవాలి కదా.

కారు ఖాళీగా వెళ్లిపోయింది. అప్పటికి పొద్దు గూకి గాలి చల్లబడింది. ఆ చల్లదనానికి గోనె తడపాల్సిన పనే లేదు.